మా దొడ్లో సవతి

నాకొక సవతి ఉండేది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నుదుటి మీద తెల్లమచ్చ, కళ్ళ మీదికి పడే జూలు, నాలుగు కాళ్ళు. ఈ మాట అంటే మావాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఒక జట్కా గుర్రాన్ని చూసి ఏడాది పొడుగునా కుళ్ళుకున్నదాన్ని నేను. కుళ్ళుకోవడానికి నాకు కారణాలున్నాయి, ఒక్కొక్కటీ చెప్పగలను.

పిఠాపురంలో మాది మగ్గాల వీధి. ఇంటి వెనక గదిలో గుంట మగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే గది నేల నా నడుము దగ్గరకు వస్తుంది, ఎదురుగా దొడ్డి వైపు కిటికీ. అక్కడ కూర్చుంటే దొడ్లో ఏం జరిగినా కనిపిస్తుంది, వద్దన్నా వినిపిస్తుంది. ఆ మగ్గం మా మామగారిది. ఆయన ఉన్నన్నాళ్ళూ వీధరుగు మీద పడుకుని కునుకు తీస్తూనే, "కోడలా, కండె అయిపోయింది, చూసుకోమ్మా" అని కేకేసేవారు. అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు చుట్టిన కండె ఉంటుంది కదా, అది ఖాళీ అయిన సంగతి నాకంటే ముందు అరుగు మీది మనిషికి తెలిసేది. చప్పుడు మారుతుందట. ముసలాయన చాదస్తం అని నవ్వుకునేదాన్ని.

మా ఆయన ఆ మగ్గం పక్కన ఉయ్యాల్లో పెరిగిన మనిషే. కానీ మగ్గం ఆయనకు అచ్చిరాలేదు, లారీ ఎక్కారు. మండపేట మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తోలేవారు. వారంలో సగం రోజులు రోడ్డు మీదే. ఇంటికి వచ్చిన రోజున మాత్రం కిటికీ అవతల దొడ్లో పీట వేసుకుని కూర్చుని, దారిలో ఏం చూశారో, ఎవరితో పోట్లాడారో, ఏ హోటల్లో పెసరట్టు మాడిపోయిందో చెప్పేవారు. నేను నేస్తూ వినేదాన్ని. పిల్లలు లేని ఇల్లు. ఆ కబుర్లే మా ఇంట్లో సందడి.

ఊళ్ళోకి ఆటోలు దిగి, జట్కాలు ఒక్కొక్కటే మూలపడుతున్న రోజులవి. స్టేషను నుంచి గుడికి యాత్రికుల్ని తీసుకెళ్ళే జట్కాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఒకనాడు దీపాలు పెట్టే వేళ, సంత మలుపులో ఆయన లారీ ఆగి ఉన్న జట్కాను గుద్దింది. జట్కా పెద్దాయన ఎదుటి కొట్లో టీ తాగుతున్నాడు కాబట్టి బతికిపోయాడు. బండి కర్ర విరిగి గుర్రం డొక్కలో దిగింది, వెనక కాలు చీరుకుపోయింది. బ్రేకులు పడలేదని ఆయన అన్నారు. మిల్లువాళ్ళూ అదే అన్నారు, ఊరూ అదే అంది. ఎవరైనా ఇంకోలా అనబోతే నేను గుమ్మంలో నిలబడి నోరు మూయించాను.

ఆడగుర్రం అది. పశువుల ఆసుపత్రి దగ్గర జట్కా పెద్దాయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని, "దీన్ని మేపలేనండి, చంపుకోలేనండి. మీరే ఏదో ఒకటి చెయ్యండి బాబూ" అన్నాడట. మా ఆయన ఏదో ఒకటి చేశారు. కాస్త అడుగు వెయ్యగలిగిన రోజున దాన్ని నెమ్మదిగా నడిపించుకుని ఇంటికి తెచ్చారు. ఇంట్లోకి ఉప్పు తేవాలన్నా నన్నడిగే మనిషి, గుర్రాన్ని తెచ్చేముందు ఒక్క మాట అడగలేదు.

లారీ తాళాలు మిల్లులో ఇచ్చేసి వచ్చారు. అప్పట్నుంచి ఆయనకు మాట పడిపోయినట్టే అయింది. అన్నం పెట్టనా అంటే ఊ, చాలా అంటే ఊ. వీధిలో లారీ చప్పుడైతే లేచి లోపలికి వచ్చేసేవారు. నాకు కావలసింది అప్పుడు ఒక్కటే. ఆ మనిషి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుని నాతో మాట్లాడాలి. గుర్రం బాగుపడితే ఎంత, పడకపోతే ఎంత.

పశువుల డాక్టరు గారు కుట్లు వేసి, "గాయం మానుతుందండి. బెదురు మానుతుందో లేదో చెప్పలేను" అని వెళ్ళారు. నిజమే, అది మనిషిని దగ్గరకు రానిచ్చేది కాదు. చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు తెల్లగా తిప్పి, కుంటికాలితోనే తన్నడానికి సిద్ధంగా ఉండేది. నా నీళ్ళ బకెట్టు సొట్టపోయింది దాని వల్లే. మా ఆయన ఖాకీ చొక్కాలు కట్టగట్టి అటక మీద పడేశారు. డీజిలు వాసన పోవాలని శీకాయతో రుద్దుకుని స్నానం చేసి, దానికి దూరంగా బుట్ట బోర్లించుకుని కూర్చునేవారు. అదీ దానికి వీపు పెట్టి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అలా వీపు పెట్టి కూర్చునేవారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంత ఓపిగ్గా కూర్చోలేదు.

ఒకరోజు నేను కండె మార్చుకోవడానికి మగ్గం ఆపాను. దొడ్లో దబదబా చప్పుడు, పలుపు తెంచుకోబోతోంది. మళ్ళీ నెయ్యడం మొదలుపెట్టాను, నిలబడింది. ఆపితే బెదురు, ఆడితే నెమ్మది. చెవులు రెండూ కిటికీ వైపు తిప్పి వింటోంది. నా మగ్గం చప్పుడు దానికి గుర్రపు నడకలా వినిపించిందో ఏమో. ఆయన కిటికీ దగ్గరకు వచ్చి, "ఇదిగో, మగ్గం ఆపకు" అన్నారు. "నువ్వు నేస్తుంటే అది నిలబడుతోంది."

ప్రమాదం జరిగాక ఆయన నాతో అన్న మొదటి నిండు మాట అది. అది కూడా దాని కోసం.

అప్పటిదాకా నేను బుటా చీరలు నేసేదాన్ని. ఉప్పాడ పిల్లని, ఆ పని చేతికి పుట్టుకతో వచ్చింది. కానీ బుటా పని మౌనంగా, ఒక్కో పువ్వూ చేత్తో ఎక్కిస్తూ సాగుతుంది, మగ్గం ఎక్కువసేపు మాట్లాడదు. దాన్ని పక్కన పెట్టి సాదా చీరలు ఎక్కించుకున్నాను, టకటకమని చప్పుడు చెయ్యడానికి. సవతి నిద్రపోవడానికి నేను జోలపాట పాడాలన్నమాట. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆ కసి అంతా పోగును దగ్గరకు కొట్టే మగ్గం పలక మీద చూపించాను. ఈమధ్య నేత గట్టిగా వస్తోందమ్మా అని, నూలు ఇచ్చి చీరలు తీసుకెళ్ళే షావుకారు మెచ్చుకున్నాడు.

ఇక ఉలవల సంగతి. పొద్దున్నే కట్టెల పొయ్యి మీద పెద్ద కుండతో ఉలవలు ఉడకెయ్యాలి. గింజలు దానికి, ఆ ఉడికిన నీళ్ళు మాకు. ఆ కట్టులో చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి మరగబెడితే ఉలవచారు. మా వైపు దాన్ని ఇష్టపడని వాళ్ళు లేరు. కానీ రోజూ? ఉలవలు చల్లారాక ఆయన దోసిట్లో తీసుకుని, పిడికెడు ముందు నోట్లో వేసుకుని వేడి చూసి, అప్పుడు దాని ముందు పెట్టేవారు. నా కంచంలో అన్నం వేడిగా ఉందో చల్లారిందో ఆయన ఏనాడైనా చూశారా. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అన్నారా. ఇది కుంటిది, అంతే తేడా. దానికి గింజ, నాకు చారు.

ఎదురింటి టీచరమ్మ చర్చి నుంచి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగి, "మీ సవతి ఎలా ఉందండీ?" అని అడిగేది. ఆ పేరు పెట్టింది ఆవిడే. "బంగారంలా ఉందండి. మీకు కావాలంటే పంపిస్తాను" అనేదాన్ని. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళేది, నేను పళ్ళు కొరుక్కుంటూ లోపలికి వచ్చేదాన్ని.

చీర సంగతి మాత్రం నవ్వులాటకు చెప్పను. మా పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఉండేది. సముద్రం వంటగదితో మొదలుపెట్టి ఏటా కాస్త కాస్త తినేసింది. గోడలు ఒరుగుతుంటే మా అమ్మ పెట్టెలోంచి తన పాత నూలు చీర తీసి నా చేతిలో పెట్టింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన చీర, అంచు దగ్గర జరీ ఒకటి రెండు పోగులు మిగిలి ఉండేవి. ఒకరోజు మగ్గం మీంచి తలెత్తి చూస్తే ఆ అంచు దొడ్లో గుర్రం కాలికి కనిపించింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, దాని గిట్ట తన తొడ మీద పెట్టుకుని, కట్టు కడుతున్నారు. అది కదలకుండా కట్టించుకుంటోంది. గుర్రం ఆయన్ని ముట్టుకోనిచ్చిన మొదటి రోజు అదేనట. నాకదంతా కనిపించలేదు, చీరే కనిపించింది.

"అది మా అమ్మ చీరండి" అన్నాను.

"మెత్తటి గుడ్డ ఇంకేదీ దొరకలేదు" అన్నారు, తలెత్తకుండా.

"నా చీర చింపుకోవలసింది. నా ఒంటి మీది చీర చింపుకోవలసింది."

ఆయన గిట్టని నెమ్మదిగా కిందికి దించారు, అద్దాల బీరువా దించినంత జాగ్రత్తగా. సగం చీర అప్పటికే చింపేశారు. మిగిలిన సగం తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేశాను. రెండు పూటలు అన్నం తినలేదు. ఆయన గమనించారో లేదో, గుర్రం మాత్రం గడ్డి శుభ్రంగా తింది.

ఆ తర్వాత ఆయన దానితో మాట్లాడటం మొదలైంది.

మొదట గొణుగుడులా వినిపించింది. మగ్గం ఆపి చెవి ఒగ్గాను. గొణుగుడు ఆగిపోయింది. మళ్ళీ నేశాను, మళ్ళీ మొదలైంది. అర్థమైంది. నా మగ్గం చప్పుడు చాటున, నాకు వినపడదని, గుర్రంతో కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. ఆ కబుర్లు నావి. ఆ పీట, ఆ వేళ, ఆ గొంతు నావి.

వినాలి. ఎలాగైనా వినాలి. కానీ నిజంగా నేస్తుంటే పోగు తెగకుండా చూసుకోవాలి, కండె మార్చాలి, బుద్ధంతా చేతుల్లో ఉంటుంది, మాటలు చెవిలో పడవు. అందుకని కండె తీసేసి, ఖాళీ నాడె ఆడించడం మొదలుపెట్టాను. కాళ్ళు తొక్కుతున్నాయి, చెయ్యి తాడు లాగుతోంది, నాడె అటూ ఇటూ పరుగెడుతోంది. చప్పుడు చప్పుడే. చీర మాత్రం అంగుళం పెరగదు. నేను గుంటలో వంగి కూర్చుని చెవులు కిటికీకి అప్పగించాను, అచ్చం ఆ గుర్రంలాగే.

"ఎండ చంపేస్తోంది కదమ్మాయ్" అనేవారు దానితో. అమ్మాయ్ అట. నన్ను ఇదిగో అని తప్ప పిలిచిన పాపాన పోలేదు. కొబ్బరిపీచుతో దాని వీపు రుద్దుతూ, తను చిన్నప్పుడు మగ్గం గుంటలో పాము ఉందని భయపడేవాణ్ణని చెప్పారు. నాన్న తిడతాడని ఆ భయం ఎవరితోనూ అనలేదట. లారీ ఎక్కింది దానికేనట. నేను ఇన్నేళ్ళూ ఆయనకు ఊళ్ళు తిరగడం సరదా అనుకున్నాను. ఇంకోరోజు, "ఆవిడకి నా మీద కోపం. ఉండదా మరి, వాళ్ళమ్మ చీర" అన్నారు. మరొక రోజు, "ఆవిడ పెట్టే ఉలవచారు లాంటిది మండపేట దాకా ఏ హోటల్లోనూ లేదమ్మాయ్" అన్నారు.

ఆ మాట నాతో అంటే నోరు అరిగిపోతుందా. నా వంటని గుర్రానికి మెచ్చుకునే మొగుడు ఈ భూమ్మీద ఇంకెవరికైనా ఉన్నాడా. తాడు ఎంత గట్టిగా లాగానంటే నాడె ఎగిరి గోడకు కొట్టుకుంది. దొడ్లో ఇద్దరూ ఒక్క క్షణం చప్పుడు చెయ్యలేదు. నేను గబగబా నాడె తెచ్చి మళ్ళీ ఆడించాను. కాసేపటికి ఆయన గొంతు మళ్ళీ వినిపించింది.

ఒక మధ్యాహ్నం ఆ గొంతు మారింది. తల ఎత్తి చూశాను. గుర్రం ఆయన భుజం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. దాని ఎర్రటి మెడ, ఆయన తెల్ల బనీను. "నీ కళ్ళకి ఆ రోజు గంతలున్నాయమ్మా" అంటున్నారు. "పక్కనుంచి ఏం వస్తోందో నీకు కనపడదు. అందుకే నన్ను ఇంత నమ్ముతున్నావు. నేనేనమ్మా అది. నీ మీదికి వచ్చింది నేనే." ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయారు. "ఆ రోజు..." అని ఆగిపోయారు. అది గడ్డం తియ్యలేదు. ఆయన వీపు కదులుతోంది, ఏడుస్తున్నారు.

నాకు జాలి వెయ్యలేదని చెప్పను, వేసింది. కానీ జాలి కంటే ముందు వచ్చింది అసూయే, దాచుకోవలసిన పనేముంది. ఆ మనిషి ఏడవడానికి ఎంచుకున్న భుజం నాది కాదు. అసలు భుజమే లేని జంతువుది. నేను కాళ్ళు నొప్పులు పుట్టేదాకా ఖాళీ మగ్గం తొక్కాను, ఆయన ఏడుపు పూర్తయ్యేదాకా. ఆ చీర ఎప్పటికి దించుతావమ్మా అని షావుకారు కబురు పెట్టాడు. ఒంట్లో బాగాలేదని చెప్పించాను.

అలా ఎండాకాలం పోయింది. తొలకరి పడేసరికి గాయం మీద కొత్త వెంట్రుకలు వచ్చాయి, వాటి రంగు కాస్త లేత. వీధిలో లారీ పోయినా అది చెవి మాత్రం విదిలించి ఊరుకునేది. ఆయన కూడా లారీ చప్పుడుకు లేవడం మానేశారు. నాతో నాలుగు మాటలు అనేవారు, కొట్టుకు వెళ్తున్నాననీ, వాన వచ్చేలా ఉందనీ. అంతకు మించి లేదు. మిగతాదంతా మగ్గం చప్పుడు చాటున దానికే. అది పోతే బాగుండునని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకునేదాన్ని. చావాలని కాదు, పోవాలని.

దేవుడు విన్నాడు. జట్కా పెద్దాయన వచ్చాడు. దొడ్డి తడిక దగ్గర నిలబడి, "బండి అమ్మేశానండి. మా పెద్దమ్మాయి వాళ్ళకి చేలున్నాయి, మేత ఉంది. అక్కడ పెట్టుకుంటాను, ఇక బండికి కట్టను" అన్నాడు. "అది లేకుండా ఉండలేకపోతున్నాను బాబూ."

ఆయన జవాబు చెప్పేలోపు పెద్దాయన నాలుక అంగిలికి ఆనించి చప్పుడు చేశాడు, జట్కావాళ్ళు చేసే చప్పుడు. గుర్రం తల ఎత్తింది. ఆయన చేతిలో ఉలవలు తింటున్నది, తినడం ఆపి, పెద్దాయన దగ్గరకు నడిచి వెళ్ళిపోయింది. వెళ్ళి ముసలాయన చొక్కా జేబులో ముక్కు పెట్టింది. మా ఆయన చెయ్యి చాపినట్టే ఉంది, చేతిలో ఉలవలు అలాగే ఉన్నాయి. ఆయన మొహం చూశాను. నా మొహం నేను అద్దంలో చూసుకున్నట్టే ఉంది. ఆ ఏడాదంతా నేను మోసింది ఆయన మొహంలోకి వెళ్ళి కూర్చుంది. నా కడుపు చల్లబడాలి. చల్లబడలేదు.

"తీసుకెళ్ళండి. మీదే కదా" అన్నారు ఆయన. కాలికి కట్టిన చీర ముక్క ఎప్పుడో ఉతికి, పలుపు ఒరుసుకోకుండా దాని మెడకు చుట్టి ఉంచారు. అడిగి తీసుకోవాలనుకున్నాను. మలుపు తిరిగేదాకా ఆ జరీ మెరుపు చూస్తూ నిలబడ్డాను, అడగలేదు.

మర్నాడు అలవాటు కొద్దీ కుండెడు ఉలవలు ఉడకేశాను. తినేవాళ్ళు లేరు. గుగ్గిళ్ళు తాలింపు పెట్టి వీధి వీధంతా పంచాను. టీచరమ్మ తీసుకుంటూ, ఈసారి సవతి ఊసెత్తలేదు. ఆయన ఖాళీ గుంజ దగ్గర బుట్ట మీద కూర్చుని ఉండేవారు. మళ్ళీ ఊ, మళ్ళీ ఊహూ. ఉన్న సవతితో వేగవచ్చు గాని పోయిన సవతితో వేగడం కష్టం. దాని మీద ఉలవలు విసిరెయ్యడానికి కూడా లేదు. నాకు భయం వేసింది. అదే ఈయన్ని మాట్లాడించిందేమో, అదే ఆ మాటలు పట్టుకుపోయిందేమో అనిపించింది. నేను మగ్గం ఎక్కలేదు. ఇక ఎవరి కోసం చప్పుడు చెయ్యాలి.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, గుంట పక్కన కూర్చుని చిక్కుపడిన నూలు విడదీసుకుంటున్నాను. ఆయన గుంజ దగ్గర నుంచి లేచారు. గోడకు ఆనించి ఉన్న పాత పీట తీసుకుని వచ్చి, కిటికీ కింద వేసుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఇదిగో, మగ్గం ఆడించు" అన్నారు.

"కండెలు చుట్టలేదండి" అన్నాను.

"కండె లేకుండానే ఆడించు. ఎప్పట్లాగే."

నా చేతిలో నూలు చేతిలోనే ఉండిపోయింది. అరుగు మీద కునుకు తీస్తూ కేకేసిన మా మామగారు గుర్తొచ్చారు. ఆయన కొడుకే కదా ఈయన. ఖాళీ నాడె చప్పుడు ఈయనకు తెలియకుండా ఎలా ఉంటుంది. ఉలవచారు మాట, పాము మాట, మా అమ్మ చీర మాట, అన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగి వచ్చి నా ఒళ్ళో పడ్డాయి. అంటే నేను వింటున్నానని తెలిసే ఇన్నాళ్ళూ చెప్పారన్నమాట. కోపం కూడా వచ్చింది, అది వేరే సంగతి.

గుంటలోకి దిగి కాళ్ళు చెక్కల మీద పెట్టాను. తాడు లాగాను. నాడె అటు వెళ్ళింది, ఇటు వచ్చింది.

"ఆ రోజు బ్రేకులు బాగానే ఉన్నాయి" అన్నారు ఆయన.

నేను తొక్కుతూనే ఉన్నాను.